ఏటికి అటూ ఇటూ ఒకే జట్టు

నేను పుట్టింది ఏటికి దిగువనున్న రబ్బరు తోటలో. పెళ్ళయి వెళ్ళింది ఎగువ తోటకి. రెండింటికీ మధ్య ఒక చెక్కల వంతెన. నడిస్తే అరగంట కూడా పట్టదు. అయినా పెళ్ళయిన రెండో ఏడు నుంచి కొన్నేళ్ళ పాటు నేను పుట్టింటి గడప తొక్కలేదు. దానికి కారణం ఫుట్‌బాల్.

రెండు తోటల్లోనూ సగం మంది మాలాగే విశాఖపట్నం జిల్లా నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళ పిల్లలు. తక్కినవాళ్ళు అరవవాళ్ళు. ఎగువ తోటలో జట్టు నేను పుట్టకముందే ఉందని మా మామగారు చెప్పేవారు. ఆఫీసులో రాతపని చూసే పెద్ద కిరాణీ సుంగై సిపుట్ నుంచి ఒక తోలు బంతి కొని తెచ్చి, కల్లు దుకాణం వెనకున్న నేల చదును చేయించి, పని అయిపోయాక కుర్రాళ్ళను ఆడించడం మొదలుపెట్టాడట. అది చూసి మా దిగువ తోటలో కూలీల మీద పెత్తనం చేసే కంగాణీలు ఊరుకోలేదు. వాళ్ళూ ఒక బంతి తెచ్చారు. ఎగువ వాళ్ళవి తెల్ల బనీన్లు. మా వాళ్ళు బనీన్లకు ఎర్ర రంగు వేయించారు. వాన పడితే ఆ రంగు కారి కాళ్ళ మీదికి దిగేది. అందరూ ఉత్త కాళ్ళతోనే ఆడేవారు.

ఏడాదికి రెండు ఆటలు. దీపావళికి ఒకటి, దొరల క్రిస్మస్ సెలవుకి ఒకటి. ఆ రెండు రోజులూ వంతెన మీద ఒకరికొకరు దారి ఇచ్చుకునేవాళ్ళు కాదు. చిన్నప్పుడు ఎగువ తోట జట్టు వస్తూంటే మేం ఆడపిల్లలం కూడా గట్టు మీద నిలబడి అరిచేవాళ్ళం. తీరా చూస్తే ఆ జట్టులో బంతి ముందుకు తీసుకెళ్ళి గోలు కొట్టే మనిషికే నన్నిచ్చారు. మా ఆయన పొట్టిగా, చురుగ్గా ఉండేవాడు. ఊరికే మాట్లాడేవాడు, ఊరికే నవ్వేవాడు. మా అన్న దానికి పూర్తిగా వ్యతిరేకం. పొడగరి, మాట తక్కువ. దిగువ తోటకి గోలు కాసేది అతనే.

పెళ్ళయిన రెండో ఏడు దీపావళి ఆటలో బంతి పైకి లేచింది. మా ఆయన దాని కోసం ఎగిరాడు, మా అన్న కూడా ఎగిరాడు. ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడ్డారు. మా ఆయన లేచాడు. మా అన్న లేవలేదు. ఎడమ భుజం జారిపోయింది. కావాలనే పడ్డాడని దిగువ వాళ్ళు, అడ్డం వచ్చాడని ఎగువ వాళ్ళు. కర్రలు కూడా లేచాయి. ఆ తరువాత రెండు తోటల మధ్య ఆటలు ఆగిపోయాయి. పరామర్శకి మా ఆయన వంతెన దాటి వెళితే మా అయ్య తలుపు తీయలేదు. "మా ఇంటికి మీరెవురూ రానక్కర్లేదు" అని లోపల్నుంచే అన్నాడు. ఆ "మీరెవురూ"లో నేనూ ఉన్నాను. తరువాత ఏడాది జ్వరంతో అయ్య పోయినప్పుడు పాడె లేచాక కబురొచ్చింది.

ఆ మీదట రబ్బరు ధర పడిపోయింది. ఏ తోటలో చూసినా పని తగ్గించేశారు. పాలు గీయని చెట్ల కింద గడ్డి మోకాలి ఎత్తు పెరిగింది. వారానికో లారీ రైలు స్టేషనుకు మనుషుల్ని తీసుకెళ్ళేది. అక్కణ్ణుంచి పినాంగు, పినాంగు నుంచి ఓడ, ఓడ దిగితే విశాఖపట్నం. పెద్దవాళ్ళు అక్కడ పుట్టినవాళ్ళు. మేం కాదు. మాకు అది చెప్పగా విన్న ఊరు, అంతే.

దిగువ తోట కంపెనీ చేతులెత్తేస్తే ఎగువ తోట వాళ్ళే దాన్ని తీసుకున్నారు. రెండు తోటలకీ ఒకే దొర. ఒకనాడు తెల్లారగట్ట పెరట్టులో, అంటే పనికి పోయే ముందు అందరినీ నిలబెట్టి పేర్లు పిలిచే చోట, కిరాణీ దొర మాట చదివి వినిపించాడు. ఇక ఒకటే తోట, ఒకటే ఆఫీసు, ఒకటే ఆస్పత్రి. చివర్న, ఒకటే ఫుట్‌బాల్ జట్టు. కొత్త జట్టు నెల్లాళ్ళలో సుంగై సిపుట్ టౌను జట్టుతో ఆడాలి, దొర చూస్తాడు.

రెండు పక్కల పెద్దలూ బడి గదిలో కూర్చున్నారు. బనీన్ల రంగు మీదే రెండు ఆదివారాలు గడిచాయి. తెలుపని ఒకరు, ఎరుపని ఒకరు. చివరికి కిరాణీ విసుగెత్తి తనే నీలం అన్నాడు. రెండు తోటల పేర్లూ కలిపి జట్టుకి పేరు పెట్టారు. అందులో ఏది ముందు రావాలన్న దాని మీద దిగువ కంగాణీ ఒకాయన లేచి వెళ్ళిపోయాడు. మనిషిని పంపి మళ్ళీ పిలిపించారు. కెప్టెన్‌గా మా ఆయన్ని పెట్టారు. పదకొండు మందిని ఏరే పని కూడా అతని మీదే పడింది. అది గౌరవం అనుకున్నాం మొదట.

మూడు రోజులు తిరక్కుండానే ఒక మాట లైన్లన్నీ పాకింది. లైన్లంటే మేముండే వరస ఇళ్ళు. ఆ మాట ఏమిటంటే, జట్టులో ఉన్నవాళ్ళను దొర ఊరికి పంపడని. ఎవరన్నారో ఎవరికీ తెలియదు. అందరూ నమ్మారు. ఇరవై ఇద్దరు ఆటగాళ్ళు, పదకొండు చోట్లు. మా గుమ్మం ముందు మనుషులు కూర్చోవడం మొదలైంది. ఒకరు అరటి గెల తెచ్చారు, ఒకరు ఎండు చేపలు. మా ఆయన ఏదీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. నవ్వడం మానేశాడు.

మా పక్కింటి అతను ఎగువ జట్టుకి గోలు కాసేవాడు. అతని పెళ్ళామూ నేనూ ఒకే పొయ్యి మీద వంతులవారీగా వండుకునేవాళ్ళం. చీకటితో కలిసే పనికి పోయేవాళ్ళం. నాకంటే చిన్నది, నన్ను అక్క వరసలో అప్పా అని పిలిచేది. ఇద్దరు పిల్లలు, కడుపులో మూడోది. ఒకనాడు అన్నం వారుస్తూ, నా మొహం చూడకుండా అడిగింది.

"అప్పా, మీ ఆయన్తో ఓ మాటను. మా ఆయన్ని గోల్లో నిలబెట్టమను. అటేపోళ్ళు మీ అన్నని పెట్టమంటన్నారంట గదా."

"ఆటల సంగతి నాకేటి తెల్సు?" అన్నాను.

"తెలీకపోతే పోనీ. మాటంటే సాలు."

అంటానన్నాను. అనలేదు.

తోటలు కలిసిపోయాక పనీ కలిపేశారు. ఆ నెలలో నాకిచ్చిన చెట్ల వరస పక్కనే మా అన్న వరస. మూణ్ణాలుగేళ్ళ తరువాత మేం మళ్ళీ మాట్లాడుకున్నది ఆ చెట్ల మధ్యే. మొదట రెండు రోజులు తలూపుకున్నాం. మూడో రోజు అమ్మ ఎలా ఉందని అడిగాను. బాగుందన్నాడు. నాలుగో రోజు చూశాను. పాల బకెట్ల కావడి ఎప్పుడూ కుడి భుజం మీదే. దించి ఎత్తినా కుడి భుజం మీదికే. వాన చినుకు పడితే తలగుడ్డ విప్పి కొమ్మకు తగిలించబోయి, ఎడమ చేతిలోంచి కుడి చేతిలోకి మార్చుకుని తగిలించాడు.

"అన్నా, ఆ సెయ్యి ఓపాలి పైకెత్తు" అన్నాను.

"ఏటికి?"

"ఎత్తు, సూత్తాను."

అటూ ఇటూ చూసి ఎత్తాడు. భుజం దాకా వచ్చింది. అక్కడ ఆగిపోయింది. మొహమంతా చెమట పట్టింది.

"ఇలగైతే గోలెలగ కాత్తావు?"

"బంతి కిందకొత్తే కాత్తాను. పైకొత్తే దేవుడు కాత్తాడు."

"అయితే ఆడనని సెప్పీ."

"సెప్తే ఎందుకని అడుగుతారు. ఆస్పత్రిలో డ్రస్సరు సూత్తాడు. సెయ్యి లేనోణ్ణి ముందు లారీలో ఎక్కిత్తారు. అమ్మనొగ్గేసి ఎల్లమంటావా, ఆ ముసల్దాన్ని ఓడెక్కించమంటావా?" కావడి ఎత్తుకుంటూ అన్నాడు. "పాలు గీయడానికి సెయ్యి కిందనుంటే సాలు. ఇన్నాళ్ళూ ఎవురికీ తెలీలేదు. నీ మొగుడికి సెప్పినావంటే మాత్రం నాకు సెల్లి లేదనుకుంటాను."

ఒట్టు వేయించుకున్నాడు. వేశాను.

మా ఆయన వంతులు పెట్టి రెండు జట్ల వాళ్ళనీ ఆడించి చూశాడు. మా అన్నతో ఒక్క మాట మాట్లాడలేదు. ఏదైనా చెప్పాలంటే ఇంకొకరితో చెప్పించేవాడు. మా అన్నా అంతే. అదృష్టమో, మరేమో, ఆడించిన నాలుగు సాయంత్రాలూ వాన పడి పాడాంగ్ అంతా బురద. పాడాంగ్ అంటే మైదానం. తడిసిన బంతి బరువుకి పైకి లేవలేదు. మా అన్న మోకాళ్ళ మీద పడి, కాలితో, కుడి చేత్తో అన్నీ ఆపేశాడు. పక్కింటతను రెండు వదిలేశాడు.

జట్టు రాసి ఇవ్వాల్సిన రోజు పొద్దున మా ఆయన గుమ్మంలో కూర్చుని నన్ను పిలిచాడు. ఇంట్లో ఎవరూ లేరు.

"ఓ మాటడుగుతాను, నిజం సెప్పు. పక్కింటోడు నా పక్కనాడి పెరిగినోడు. మీ అన్న మంచి ఆటగాడే. ఆ బుజం నయమైపోనాదా? నువ్వు ఆడి పక్క వరసలోనే పని సేత్తన్నావు. నీకు తెలుత్తాది."

గోడకవతల పక్కింటి పిల్ల తన కొడుక్కి స్నానం చేయిస్తోంది. నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది.

"నయమైపోనాది" అన్నాను.

"గోలు కాయగల్డా?"

"కాత్తాడు."

మా ఆయన పెన్సిలు తీశాడు. పేర్లు తెలిశాక ఆ రోజు పొయ్యి దగ్గర ఆ పిల్లే ముందు పలకరించింది. "పోనీలే అప్పా, నువ్వు అనే ఉంటావు, ఆయనకెన్ని అడ్డాలో" అంది. నేను కూర కలుపుతూనే ఉన్నాను. అడుగంటింది.

ఆట ఆదివారం సాయంత్రం. దొర కోసం కుర్చీ వేశారు. పక్కన కిరాణీ, డ్రస్సరు. ఎగువ వాళ్ళు ఒక పక్క గట్టు మీద, దిగువ వాళ్ళు రెండో పక్క. ఒకే జట్టని పేరే గానీ ఎవరి మనుషులు వాళ్ళ పక్కనే కూర్చున్నారు. నీలం బనీన్లు వేసుకుని పదకొండు మందీ దిగేసరికి రెండు పక్కలా చప్పట్లు మాత్రం కొట్టారు. మా అమ్మ అవతలి గట్టు మీద కనిపించింది. నేను ఇవతల. వారం రోజులుగా వాన లేదు. నేల గట్టిపడింది. బంతి ఎగురుతోంది.

మొదటి సగం ఎలాగో గడిచింది. టౌను వాళ్ళు బూట్లు వేసుకున్నారు. వాళ్ళ బంతులు వేగంగా, కింది నుంచి వచ్చాయి. మా అన్న రెండు ఆపాడు. దిగువ గట్టు లేచి నిలబడింది. పక్కన కూర్చున్న మా అత్త కూడా "మీ అన్న బాగానే కాత్తన్నాడే" అంది. మా పక్కింటి అతను గట్టు చివర చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. అటు చూడలేకపోయాను.

రెండో సగంలో వాళ్ళ మనిషొకడు దూరం నుంచి ఎత్తుగా కొట్టాడు. బంతి మా అన్నకి ఎడమ పక్కన, తలకి జానెడు పైగా వచ్చింది. ఎవరైనా చెయ్యెత్తితే తగిలేది. మా అన్న కుడి చెయ్యి అడ్డంగా ఆ పక్కకి విసిరాడు. అందలేదు. గోలు.

ఎగువ గట్టు మీంచి తిట్లు. "సెయ్యెత్తడేటి ఆడు! అమ్ముడుపోనాడేటి!" మా ఆయన మైదానం మధ్యలో నిలబడి వెనక్కి తిరిగి చూస్తున్నాడు. మా అన్న బంతి తెచ్చుకోవడానికి వంగాడు. కుడి చేత్తోనే తీశాడు. ఎడమ చెయ్యి ఒంటికి అంటుకుని ఉంది. మా ఆయన అది చూశాడు. తరువాత గట్టు మీద నా కోసం వెతికాడు. నేను తల దించుకున్నాను. తల దించుకోవడమే జవాబయింది.

మళ్ళీ ఆట మొదలయ్యాక అతను ముందుకు పోలేదు. నడుచుకుంటూ వచ్చి మా అన్నకి ఎడమ పక్కన, గోలు కర్రకి రెండడుగుల్లో నిలబడ్డాడు. గోలు కొట్టాల్సిన మనిషి, కెప్టెన్, గోలు ముందు కాపలా నిలబడ్డాడు. గట్టు మీద గోల మొదలైంది. "ముందుకెల్లరా!" "బయపడ్డాడురా!" దొర కిరాణీ వైపు వంగి ఏదో అడిగాడు. కిరాణీ గట్టిగా పిలిచాడు. మా ఆయన వినపడనట్టే ఉన్నాడు. ఎడమ వైపు ఎత్తుగా వచ్చిన ప్రతి బంతికీ ఎగిరాడు. అంత పొట్టి మనిషి. ఒకటి తలతో తోశాడు. ఒకటి మొహానికి తగిలి ముక్కు వెంట రక్తం కారింది. తుడుచుకుని మళ్ళీ అక్కడే నిలబడ్డాడు. వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. కానీ మా అన్న కొంచెం కొంచెంగా కుడి పక్కకి జరిగాడు, ఎడమ పక్క అతనికి వదిలేసి.

ఒక్క గోలుతో ఓడిపోయాం. విజిలు పడగానే రెండు గట్లూ కిందికి దిగాయి. దిగువ వాళ్ళు మా ఆయన్నంటున్నారు, ఎగువ వాళ్ళు మా అన్ననంటున్నారు. ఒకడు మా అన్న బనీను పట్టుకున్నాడు. మా ఆయన ఆ చెయ్యి విడిపించి అందరికీ వినపడేలా అరిచాడు.

"తప్పు నాది! నాను ముందుకెల్లుంటే గోలొచ్చును. ఆణ్ణొగ్గీండి!"

దొర అప్పటికే లేచి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చాక మా ఆయన మొహం కడుక్కుని, గుమ్మం దాటక ముందే అన్నాడు.

"నీకు ముందే తెలుసు."

"తెలుసు."

"నానడిగినప్పుడు ఎందుకు సెప్పలేదు?"

"సెప్తే మా అన్నని పంపించీసుందురు."

"నాను పంపించీవోణ్ణేటి?" గొంతు పెద్దది చేయలేదు. "ఆ సెయ్యి ఎవురి మూలాన అలగైపోనాదో నాకు తెలీదనుకున్నావేటి? సెప్పుంటే ఇంకేదో సేసుందును. ఎనక ఆడించుందును. పక్కింటోణ్ణి గోల్లో పెట్టుందును. ఇద్దరూ ఉందురు."

అది నాకు తోచనే లేదు. దేవుడి మీద ఒట్టు, ఆ ఆలోచన ఒక్కసారి కూడా రాలేదు. ఒకరుంటే ఒకరు పోవాలనే అనుకున్నాను. అతను అన్నం తినలేదు.

మర్నాడు పెరట్టులో కిరాణీ ఊరికి పంపేవాళ్ళ పేర్లు చదివాడు. మా అన్న పేరు లేదు. మా పేర్లూ లేవు. మా జట్టులో నీలం బనీను వేసుకుని ఆడిన ఇద్దరి పేర్లున్నాయి. జట్టులో ఉన్నవాళ్ళని పంపరన్న మాట ఉత్తదని అప్పుడు తేలిపోయింది. ఆ తరువాత పక్కింటి అతని పేరు చదివాడు.

అతను చెయ్యెత్తి, హాజరు పలికినట్టే పలికాడు. అతని పెళ్ళాం నా పక్కనే ఉంది. నా చెయ్యి పట్టుకుంది. నాకు లాక్కోవాలనిపించింది.

వాళ్ళు వెళ్ళే రోజు లారీ దాకా సామాను నేనే మోశాను. పెద్దగా ఏం లేదు, రెండు మూటలు, ఒక ఇత్తడి చెంబు. జట్టు మొత్తం వచ్చింది, రెండు పక్కల వాళ్ళూ. పాడాంగ్ మీద కలవనివాళ్ళు అక్కడ కలిసి నిలబడ్డారు. మా అన్న నేరుగా వెళ్ళి పక్కింటి అతని ముందు ఆగాడు. అందరూ చూస్తూండగా ఎడమ చెయ్యి ఎత్తి, భుజం దగ్గర ఆగిపోవడం చూపించాడు.

"ఇదీ సంగతి. నీ సోట్లో నాను నిలబడ్డాను. దాసీసినాను. తప్పయిపోనాది" అన్నాడు.

డ్రస్సరు అక్కడే ఉన్నాడు. మా అన్నకి అది తెలుసు.

పక్కింటి అతను చాలాసేపు ఆ చెయ్యి చూశాడు. "నొప్పి ఎక్కువేటి?" అని అడిగాడు. అంతే. లారీ ఎక్కేశాడు. నా ఒట్టు అక్కడితో తీరిపోయింది కాబట్టి నేనూ ఆ పిల్లకి చెప్పాలనుకున్నాను. మా ఆయన నన్నడిగాడనీ, నేను అబద్ధమాడాననీ. ఆమె నిద్రపోతున్న పిల్లాణ్ణి నాకిచ్చి పైకెక్కి, మళ్ళీ వాణ్ణి అందుకుంది. "ఆ పొయ్యి గడ్డ ఓ పక్క కుంగిపోనాది, మట్టి ఎట్టించుకో అప్పా" అంది. లారీ కదిలింది. చెప్పలేదు.

డ్రస్సరు ఏమీ రాయలేదు, ఎందుకో తెలియదు. మా అన్న పాలు గీస్తూ ఆ తోటలోనే ఉన్నాడు. గోలు మాత్రం మళ్ళీ కాయలేదు. మా ఆయన కెప్టెన్‌గిరీ పోయింది. వారం తిరక్కుండా ఒక సాయంత్రం అతనే వంతెన దాటి మా అమ్మ ఇంటికి వెళ్ళాడు. నన్ను రమ్మనలేదు, రావద్దనీ అనలేదు. వెనకే వెళ్ళాను. తలుపు తీసే ఉంది. మా అన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"బావా, నూనె రాసుకుంటన్నావా లేదా?" అన్నాడు మా ఆయన, ఏళ్ళ తరబడి రోజూ మాట్లాడుకుంటున్నవాడిలా.

"రాసీవోళ్ళెవురు?" అన్నాడు మా అన్న.

మా అమ్మ లోపల ఏడుస్తూనే కాఫీ పెట్టింది.

జట్టు ఆ రెండు తోటల పేరుతోనే చాలా ఏళ్ళు నడిచింది. గోలుకి చాలాకాలం సరైన మనిషి దొరకలేదు. ఫ్యాక్టరీలో పనిచేసే ఒక అరవ కుర్రాణ్ణి నిలబెట్టారు. మొదటి ఏడు ఓడిపోని ఆట లేదు. తరువాత టౌను వాళ్ళని కూడా గెలిచారు. గట్టు మీద ఎవరు ఏ పక్క వాళ్ళో చూడ్డం ఎప్పుడు మానేశారో నాకు గుర్తులేదు. నా పిల్లలకి ఆ పేరులో రెండు తోటలు ఉన్నాయని కూడా తెలియదు. ఒకటే అనుకునేవాళ్ళు.

పెద్ద కిరాణీ ముసలివాడయ్యాక ఒకసారి అడిగాను, పక్కింటి అతని పేరున్న ఆ జాబితా ఎప్పుడు రాశారని. "ఆట ముందే రాసేశాం అమ్మా. దొర సంతకం కూడా అయిపోయింది" అన్నాడు. నా మొహం చూసి అన్నాడో, నిజంగానే అన్నాడో చెప్పలేను. నిజమే అయినా, నేనాడిన మాట నేను ఆడకుండా పోలేదు.

రబ్బరు ధర మళ్ళీ లేచి, మనుషులు కావలసి వచ్చినప్పుడు, వెళ్ళినవాళ్ళలో కొందరు తిరిగొచ్చారు. లారీ వచ్చిందని తెలిస్తే పని మధ్యలో కత్తి పడేసి ఆఫీసు దగ్గరకి పోయేదాన్ని. దిగిన ప్రతి మొహమూ చూసేదాన్ని. పక్కింటివాళ్ళ ఊరి వైపు మనుషులెవరైనా దిగితే ఆ పిల్ల సంగతి అడిగేదాన్ని. ఇద్దరు తెలియదన్నారు, ఒకడు ఏదో పేరు చెప్పాడు గానీ అది వేరే మనిషిది. ఆ ఏడాదంతా వెళ్ళాను. తరువాత మా అత్తకి జబ్బు చేసి ఇల్లు కదలడానికి వీల్లేకపోయింది. లారీలు రావడం కూడా ఆగిపోయింది.